గుండుసూది గారి ఇరవై ఏడో పెట్టె

ఆయన కాగితాలు మా దగ్గరికి వచ్చాక నేను చేసిన మొదటి పని గుండుసూదులు పీకడం. మాది ఒక పెద్ద గ్రంథాలయంలో వెనకవైపు ఉండే పాత కాగితాల విభాగం. ఎవరైనా తమ ఉత్తరాలు, డైరీలు, రాతప్రతులు మాకు అప్పగిస్తే వాటిని దుమ్ము దులిపి, వరస పెట్టి, పెట్టెల్లో సర్ది, ఏ పెట్టెలో ఏముందో పట్టిక రాసి ఉంచుతాం. చదవాలనుకున్నవాళ్ళు వచ్చి అడిగితే తీసి ఇస్తాం. ఆ పనంతా నేనొక్కదాన్నే చూసుకుంటాను. కాగితానికి ఇనుము పగ. తుప్పు పట్టిన సూదిని చాకు మొనతో మెల్లగా లేపి తియ్యాలి, లేకపోతే కాగితం చినుగుతుంది. ఆయన కాగితాల్లోంచి మొదటి నెలలో నేను తీసిన సూదులు ఒక గాజు సీసా నిండా వచ్చాయి.

ఆయన ఓ దినపత్రికలో ముప్ఫై తొమ్మిదేళ్ళు పనిచేశారు. చొక్కా జేబు లోపలి వైపు ఏడెనిమిది గుండుసూదులు వరసగా గుచ్చుకుని తిరిగేవారు. చేతికి ఏ కాగితం వచ్చినా దానికి తోడు ఇంకో కాగితం వెతికి, రెండూ కలిపి సూది గుచ్చితే గానీ ఆయనకు తోచేది కాదు. ఆఫీసులో అందరూ గుండుసూది గారనే పిలిచేవారు. ఆయన్ని కౌగిలించుకోవాలంటే ముందు టెటనస్ ఇంజెక్షన్ చేయించుకుని రావాలని తోటివాళ్ళు నవ్వేవారట. ఆ మాట నాతో చెప్పి ఆయనా నవ్వారు.

తండ్రికి పుస్తకాలు బైండింగు చేసే దుకాణం ఉండేది. ఈయన పందొమ్మిదో ఏట పత్రికలో ప్రూఫ్ రీడరుగా చేరారు. దీర్ఘం పోయినా, ఒత్తు పోయినా అన్నంలో రాయి తగిలినట్టు ఉండేదట. ఒకసారి వరద బాధితుల వార్తకు "బాధితులకు పరిహాసం అందజేసిన అధికారులు" అని శీర్షిక కంపోజ్ అయి వచ్చింది. ఈయన "పరిహారం" అని దిద్ది, "నిజానికి మొదట పడ్డదే సరైనదేమో, కనుక్కుని చెప్పండి" అని అంచున రాసి పంపారు. ఆ ప్రూఫు చూసిన మీదటే ఎడిటరు ఈయన్ని విలేకరిని చేశారు. మున్సిపాలిటీ, ఆసుపత్రి, కోర్టు, ఈ మూడూ ఈయన పనిచేసే చోట్లు. ప్రతి నోటుబుక్కు మొదటి పేజీలో ఒకే వాక్యం రాసుకునేవారు: రెండో గడప తొక్కనిదే పెన్ను మూత తియ్యకూడదు. ఎవరైనా ఎవరి మీదైనా ఏదైనా చెబితే, ఆ రెండో మనిషి ఇంటికి వెళ్ళి అతని మాట కూడా వినాలన్నమాట.

కాగితాలతో పాటు ఆయనే వచ్చారు. చిన్న వ్యానులో సంచులూ, అట్టపెట్టెలూ దింపించింది ఆయన కూతురు. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. తల్లి పోయి ఆరేళ్ళయింది, తండ్రీ కూతుళ్ళిద్దరే ఉంటారు. రసీదు మీద సంతకం పెడుతూ, "ఇంట్లో ఇవి ఉంటే మనుషులకి చోటుండట్లేదండీ. ఆయన్ని కూడా ఓ పెట్టెలో సర్దేస్తే నాకు ఇంకాస్త సుఖం" అంది. ఆయన వెంటనే, "పట్టిక రాయి ముందు. పట్టిక లేకుండా నన్ను ఏ పెట్టెలోనూ పెట్టడానికి వీల్లేదు" అన్నారు. అప్పటికి ఆయనకు డెబ్భై మూడేళ్ళు.

రోజూ రెండింటికి వచ్చి అయిదింటి దాకా ఉండేవారు. నేను సూదులు తీస్తుంటే పక్కన కూర్చుని ఏది ఏమిటో చెప్పేవారు. అలా ఇరవై ఆరు పెట్టెలు సర్దాం. ఇరవై ఏడోది మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. తనే సర్ది, పైన దారం కట్టి, "ఇది అన్నిటికంటే పైన పెట్టమ్మా. ఎవరొచ్చి నా కాగితాలు అడిగినా ముందు ఇదే ఇవ్వు" అన్నారు. దాంట్లో ఏముందో ఆయనే ఒక వారం పాటు చెప్పారు. నేను చెప్పేది ఆ సంగతే.

ముప్ఫై మూడేళ్ళ కిందట ఒక పేటలో కుళాయి నీళ్ళు తాగి జనానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజుల్లో నలుగురు పిల్లలు పోయారు. ఆ పేటకు నీళ్ళు వదిలేది ఒక వాల్వ్‌మన్. భుజాన పొడవాటి ఇనప తాళంచెవి వేసుకుని వీధి వీధికీ తిరిగి, నేలలో ఉన్న వాల్వు తిప్పి నీళ్ళు వదిలేవాడు. అందరూ నీళ్ళాయన అనేవారు. ఆయన సైకిలు గంట వినిపిస్తే ఆడవాళ్ళు బిందెలు తెచ్చుకునేవారు. ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలపడం కూడా ఆయన పనే.

మున్సిపాలిటీ ఇంజినీరు మన విలేకరిని పిలిచి, "ఇంకేముంది, ఆ వాల్వ్‌మన్ పౌడరు కలపడం మర్చిపోయాడు" అన్నాడు. ఈయన తన నియమం ప్రకారమే నీళ్ళాయన ఇంటికి వెళ్ళారు. తలుపు వేసి ఉంది. మూడుసార్లు కొట్టారు. ఎవరూ పలకలేదు. ఆరింటికల్లా వార్త ఇవ్వాలి, అప్పుడు అయిదు దాటింది. తిరిగి వచ్చేసి రాశారు. మర్నాడు మొదటి పేజీలో, నలుగురు పిల్లల్ని మింగిన నిర్లక్ష్యం అని పెద్ద శీర్షికతో, మూడు కాలమ్‌ల ఫొటోతో పడింది.

 ఆ ఫొటో అంతకు ముందు వేసవిలో తీసింది. నీటి ఎద్దడి మీద ఓ కథనం కోసం ఈయనే నీళ్ళాయన్ని వాల్వు దగ్గర నిలబెట్టి, "కాస్త నవ్వవయ్యా, నీ పెళ్ళిఫొటో అనుకో" అని నవ్వించి తీయించారు. పిల్లలు పోయిన రోజు ఫైల్లో వెతికితే దొరికింది అదొక్కటే. అదే ఇచ్చారు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. అచ్చయిన మాట సంగతి ఇక చెప్పాలా? నలుగురు పిల్లలు చచ్చిపోతే పళ్ళికిలిస్తున్నాడు చూడమంటూ జనం నీళ్ళాయన ఇంటి మీద పడ్డారు. కిటికీలు పగలగొట్టారు. మున్సిపాలిటీ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసి పక్కన పెట్టింది. పధ్నాలుగేళ్ళ కూతురు బడికి వెళ్తే పక్కన ఎవరూ కూర్చోలేదు, చదువు మానేసింది. రెండు నెలలు తిరక్కుండానే ఆ కుటుంబం ఊరు వదిలి వెళ్ళిపోయింది.

అయిదు నెలల తర్వాత మున్సిపాలిటీలో ఒక గుమాస్తా ఈయన్ని పక్కకు పిలిచి ట్యాంకు దగ్గరి రిజిస్టరు చూపించాడు. అందులో వరసగా ఇరవై మూడు రోజులు ఒకే మాట ఉంది. పౌడరు లేదు. పౌడరు లేదు. పక్కన నీళ్ళాయన సంతకం, వంకరటింకరగా. కింద ఇంజినీరు చూసినట్టు పొట్టి సంతకం. పౌడరు ఆఫీసు నుంచి రానేలేదు. పైగా మురుగు గొట్టం పగిలి మంచినీళ్ళ గొట్టంలో కలిసింది. అది కనిపెట్టి మొదట చెప్పింది కూడా నీళ్ళాయనే.

ఈయన ఆ ఇరవై మూడు పేజీలకూ నకళ్ళు తీయించి, మూడు కాలమ్‌లకు సరిపడా రాసి ఎడిటరు ముందు పెట్టారు. ఎడిటరు చదివి కళ్ళజోడు తీసి, "ఇప్పుడెవరికి గుర్తుందయ్యా ఇది? మనం తప్పు రాశామని మనమే చాటుకుంటే రేపటి నుంచి మన పేపరు ఎవడు కొంటాడు?" అన్నాడు. ఈయన నాలుగు రోజులు వెంటపడ్డారు. చివరికి ఏడో పేజీలో, పోయిన సర్టిఫికెట్ల ప్రకటన పక్కన అయిదు లైన్లు పడ్డాయి. "నీటి కాలుష్య ఘటనలో ఒక ఉద్యోగి ప్రమేయం లేదని తెలియవచ్చింది." ఫొటో లేదు.

నీళ్ళాయన ఎక్కడికి వెళ్ళాడో వెతకడానికి రెండేళ్ళు పట్టింది. ఇంకో ఊళ్ళో ఒక కలప డిపోలో కాపలాదారుగా ఉన్నాడని తెలిసి బస్సెక్కి వెళ్ళారు. ఆ రోజు నోటుబుక్కు ఇరవై ఏడో పెట్టెలో ఉంది. మాట్లాడిన మాట మాట్లాడినట్టు రాసి ఉంది.

"గుర్తుపట్టావా?" అనడిగారు ఈయన.

"మిమ్మల్ని మర్చిపోతానా సారూ. నన్ను నవ్వించి ఫొటో తీయించారు కదా."

దుంగల మధ్య ఒక స్టూలు ఉంటే నీళ్ళాయన దాన్ని కండువాతో తుడిచి ఈయన్ని కూర్చోబెట్టాడు. తటపటాయిస్తూ, "మంచినీళ్ళు ఇమ్మంటారా? నా చేతి నీళ్ళు తాగుతారా మీరు?" అన్నాడు. ఈయన రెండు గ్లాసులు తాగారు. తర్వాత జరిగిందంతా చెప్పి, జేబులోంచి ఏడో పేజీ ముక్క తీసి చూపించారు. నీళ్ళాయన దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూశాడు.

"సారూ, నేను పెద్దగా చదువుకోలేదు. మీరు ఆ రోజు రాసింది కూడా పూర్తిగా చదవలేదు. జనమూ చదివుండరు. అందరూ చూసింది ఫొటో. నాకు ఇంకేం వద్దు. ఆ ఫొటోనే, అదే పేజీలో, అంతే సైజులో ఇంకోసారి వేయించండి. కింద మీకు తోచింది రాయండి. వీడిది తప్పు కాదు అని ఒక్క ముక్క ఉంటే చాలు."

"వేయిస్తాను" అన్నారు ఈయన. నోటుబుక్కులో ఆ పేజీ అడుగున, మాటిచ్చాను అని రాసి, కింద రెండు గీతలు గీసుకున్నారు.

ఆ తర్వాత పదిహేనేళ్ళు ఉద్యోగంలో ఉన్నారు. ప్రతి ఏడూ అదే తేదీకి ఒక సవరణ రాసి, ఫొటో జత చేసి, డెస్కు మీద పెట్టారు. ఎడిటర్లు మారారు. రెండో ఆయన, "ఇది వార్త కాదు, మీ సొంత గొడవ" అన్నాడు. మూడో ఆయన కుర్రవాడు, అంతా విని కళ్ళు తుడుచుకుని, యాజమాన్యాన్ని అడుగుతానని చెప్పి ఇక ఆ ఊసే ఎత్తలేదు. పదిహేను రాతప్రతులూ పెట్టెలో ఉన్నాయి. మొదటిది తొమ్మిది పేజీలు. చివరిది నాలుగు లైన్లు. కనీసం ఇంత చిన్నదైతే వేస్తారేమోనని ఏటికేడు కుదించుకుంటూ వచ్చారు.

"వేరే పత్రికకు ఇవ్వొచ్చు కదా సార్?" అనడిగాను.

"ఇద్దామనుకుంటే తీసుకునేవాళ్ళే. మా పేపర్ని తిట్టడానికి పనికొస్తుంది కదా. కానీ ఉమ్మిన చోటే తుడవాలమ్మా. పక్కింటి గోడ తుడిస్తే ఏం లాభం?"

అదంతా చెప్పిన వారం ఆయన బుద్ధి చాకులా ఉంది. తేదీలు, గంటలు, మనుషులు ఎక్కడా తప్పలేదు. ఆ చలికాలంలోనే మార్పు మొదలైంది. మొదట గొడుగు మర్చిపోయేవారు, తర్వాత దారి మర్చిపోయారు. కూతురు తన పీరియడ్లు పొద్దుటికి మార్పించుకుని, మధ్యాహ్నం తనే తీసుకొచ్చి కూర్చోబెట్టేది. ఇంట్లో ఉంటే చిరాకు పడతారు, కాగితాల వాసన తగిలితే నెమ్మదిస్తారు అని డాక్టరే తీసుకెళ్ళమన్నాడట.

ఒక రోజు ఇరవై ఏడో పెట్టె తెరిచి ఫొటో చూస్తూ, "అమ్మాయ్, ఈ నీళ్ళాయన సవరణ పడిందా?" అన్నారు.

నేను పరధ్యానంగా, "లేదు కదా సార్" అన్నాను.

తలెత్తి చూద్దును కదా, ఆయన మొహం పాలిపోయి ఉంది. ఆ కబురు అప్పుడే మొదటిసారి విన్నట్టు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. ఆ మర్నాడూ అంతే. నేను లేదన్న ప్రతిసారీ ఆ దెబ్బ కొత్తగా తగిలేది. కూతురితో చెబితే, "ఇంట్లోనూ అడుగుతారండీ. పడింది నాన్నా అనేస్తాను. ఊరుకుంటారు. మీరూ అలాగే అనెయ్యండి" అంది.

మర్నాడు అన్నాను. "పడింది సార్."

ఆయన మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. కుర్చీలో ముందుకు జరిగారు. "ఎన్నో పేజీ?"

"మొదటి పేజీయే."

"ఏదీ? తియ్యి. చూపించు."

నా దగ్గర చూపించడానికి ఏముంది? వెతుకుతున్నట్టు అలమారు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. వెనక్కి వచ్చేసరికి మర్చిపోయి ఉంటారనుకున్నాను. మర్చిపోలేదు. చెయ్యి చాపుకుని కూర్చున్నారు. ముప్ఫై తొమ్మిదేళ్ళు రుజువు లేనిదే నమ్మని మనిషి ముందు నోటి మాట ఎంతసేపు నిలుస్తుంది?

లెక్కల టీచరుకు ఒక ఆలోచన వచ్చింది. తన స్కూలుకు ప్రశ్నపత్రాలు అచ్చేసే ప్రెస్సు ఉంది. నాలుగో రాతప్రతినీ ఫొటోనీ పెట్టి, పాత పేపరులాగే ఒక్క పేజీ వేయిస్తానంది.

"వద్దండీ. ఇది కాగితాలు భద్రపరిచే చోటు. దొంగ కాగితం ఇక్కడికి రాకూడదు" అన్నాను.

"మీకు కాగితం ముఖ్యం. నాకు మనిషి ముఖ్యం. రోజూ ఆయన మొహం వాడిపోవడం మీరు మూడు గంటలే చూస్తారు. మిగతా ఇరవై ఒక్క గంటలూ నేను చూడాలి."

 అచ్చు వేయించింది. బాగా కుదిరింది కూడా. శీర్షిక, తేదీ, మూడు కాలమ్‌ల ఫొటో, కాగితం పసుపు రంగు కూడా తెప్పించింది. తెచ్చి ఆయన ముందు పరిచింది.

ఆయన భూతద్దం తీసుకున్నారు. తన వాక్యాలు తనే పెదవులు కదుపుతూ చదువుకున్నారు. సగం దాకా వెళ్ళేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతురు నా వైపు చూసింది, చూశారా అన్నట్టు. ఇంతలో ఆయన వేలు ఒక అక్షరం మీద ఆగింది. బొటనవేలితో దాన్ని రుద్దారు. భూతద్దం దగ్గరికి తెచ్చారు, దూరం జరిపారు.

"ఈ క్ష మాది కాదు" అన్నారు. "మా పేపర్లో క్ష పొట్ట ఇంత లావుగా ఉండదు."

 ఆయన పేజీని నాలుగు మడతలు పెట్టి కూతురి చేతికి ఇచ్చారు. కోపం లేదు. చిన్నపిల్లను అడిగినట్టు అడిగారు.

"ఇది నీళ్ళాయన చూశాడా?"

"లేదు నాన్నా."

"మరి ఎవరి కోసం వేశావమ్మా?"

ఆమె ఆ కాగితం పట్టుకుని వరండాలోకి వెళ్ళి గోడకు ఆనుకుని ఏడ్చింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "ఆయన అడిగిందే నిజమండీ. చూడాల్సినవాళ్ళని వదిలేసి నేను ఈయనకి చూపిస్తున్నాను" అంది.

పెట్టెలో నీళ్ళాయన ఆ తర్వాత ఎవరిచేతో రాయించి ఈయనకు పంపిన కార్డులు మూడున్నాయి. చివరిదాని మీద తన కూతురి ఇంటి చిరునామా ఉంది. ఆదివారం నాడు టీచరు బస్సెక్కి అక్కడికి వెళ్ళింది. నీళ్ళాయన పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. కూతురు ఉంది. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేస్తోంది. నలభై ఏడేళ్ళ మనిషి. గుమ్మంలోనే నిలబెట్టి అంతా విని, "ఆ సార్ ఇంకా ఉన్నాడా?" అని మాత్రం అడిగిందట. రమ్మంటే, "నేను రాను. నాకు పనుంది" అని తలుపు వేసుకుంది. మన టీచరు ఊరికే తిరిగొచ్చింది.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె తనంతట తనే వచ్చింది. చేతుల చర్మం సబ్బు నీళ్ళకు ముడతలు పడి ఉంది. నా బల్ల దగ్గర నిలబడి మెల్లగా, "నీళ్ళ ట్యాంకు కాగితాలు చూడాలండీ" అంది. ఎవరో నాకు అర్థమైంది. ఆయన అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నారు. నేను ఇద్దరి మధ్యా ఇరవై ఏడో పెట్టె పెట్టాను.

ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. ఎవరో చదువుకోవడానికి వచ్చారనుకున్నారు. నిటారుగా కూర్చుని, చొక్కా సర్దుకుని మొదలుపెట్టారు. ఇంటి దారి మర్చిపోయిన మనిషి ఒక్క తేదీ తడబడలేదు. ఇంజినీరు ఏమన్నాడో, వార్త ఎన్నింటికి ఇచ్చారో, రిజిస్టరులో ఎన్నెన్ని రోజులు ఏముందో వరసగా చెప్పుకుంటూ పోయారు. నకళ్ళు ఒక్కొక్కటీ ఆమె వైపు తిప్పి పెట్టారు.

"ఇక్కడ చూడండమ్మా. రోజూ రాశాడు. ఇది ఆయన సంతకమే. తప్పు ఆయనది కాదు. ఆయన తన పని తను చేశాడు. తప్పు నాది. ఆ రోజు వాళ్ళింటికి వెళ్ళాను. తాళం వేసి ఉంది. నేను ఆగలేదు."

 ఆమె తండ్రి సంతకం మీద వేలు పెట్టి అలాగే చూస్తోంది.

"తాళం లేదండీ" అంది. "లోపల గడియ పెట్టుంది. నేను లోపలే ఉన్నాను."

ఆయన చేతిలో ఉన్న నకలు కింద పెట్టారు.

"నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. పేటలో పిల్లల్ని సైకిలు మీద ఎక్కించుకుని తిప్పుతున్నాడు పొద్దుట్నించీ. ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దని చెప్పి వెళ్ళాడు. మీరు మూడుసార్లు కొట్టారు. నేను తలుపు వెనకాలే నిలబడి ఉన్నాను. తీసి, నాన్న ఆసుపత్రిలో ఉన్నాడండీ అని చెప్పుంటే మీరు వెళ్ళి అడిగేవారు కదా. ఈ సంగతి నాన్నకి కూడా చెప్పలేదు నేను. పోయేదాకా చెప్పలేదు."

నేను చేస్తున్న పని వదిలేశాను. ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశారు. ఏం తెలిసిందో, ఎంత తెలిసిందో నేను చెప్పలేను. బల్ల మీదుగా చెయ్యి చాపి, ఆమె ముడతలు పడ్డ వేళ్ళ మీద పెట్టారు.

"చిన్నపిల్లవి. తియ్యొద్దంటే తియ్యలేదు. అది తప్పెలా అవుతుంది? ఆగాల్సింది నేను. గుమ్మం ముందు కూర్చోవాల్సింది."

ఆమె బల్ల మీద తల వాల్చేసి ఏడ్చింది. ముప్ఫై మూడేళ్ళ ఏడుపు అది. ఆయన చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చున్నారు.

వెళ్ళేముందు ఆమె నన్నొక సాయం అడిగింది. ఆ రోజు మొదటి పేజీలో రాసిందేమీ వద్దు, ఫొటో వరకు నకలు ఇవ్వగలరా అని. "మా నాన్న నవ్వుతున్న ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదండీ. ఆ తర్వాత ఎవరు కెమెరా తీసినా మొహం పక్కకి తిప్పుకునేవాడు." శుభ్రంగా తీసి ఇచ్చాను. కొంగుకు చేతులు తుడుచుకుని అందుకుంది.

మర్నాడు రెండింటికి ఆయన వచ్చారు. పెట్టె తెరిచారు. "అమ్మాయ్, సవరణ పడిందా?" అన్నారు.

 నేను ఇక అబద్ధం ఆడదలుచుకోలేదు. "పడలేదు సార్. కానీ నీళ్ళాయన కూతురు వచ్చింది. మీరు అన్నీ చెప్పారు. ఆవిడ అన్నీ వింది."

"వచ్చిందా? ఏమంది?"

చెప్పాను. తలుపు సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇదంతా రాసి పెట్టావా?"

"లేదు సార్."

"రాయమ్మా. రాయకపోతే ఎలా?"

ఆ పూటే రెండు పేజీలు రాశాను, ఎవరు ఏమన్నారో ఉన్నదున్నట్టు. ఆయన చదివి, రెండో పేజీలో నేను వదిలేసిన ఒక ఒత్తు పెట్టి ఇచ్చారు. అప్పటి నుంచి ఆయన అడిగిన ప్రతి రోజూ ఆ రెండు పేజీలూ చదివి వినిపించాను. కొన్ని రోజులు నవ్వేవారు, కొన్ని రోజులు ఏడ్చేవారు. వేసవి మొదట్లో రావడం మానేశారు. నాలుగు నెలలకు పోయారు. అంత్యక్రియలకు నీళ్ళాయన కూతురు వచ్చింది. టీచరు పక్కన నిలబడింది. 

పట్టిక పూర్తి చేస్తుంటే చివరి నోటుబుక్కు అట్టకూ కాగితానికీ మధ్య ఒక ఉత్తరం దొరికింది. రాజీనామా. అయిదు లైన్ల సవరణ పడ్డ నెలలోనే రాసింది. సంతకం ఉంది, ఇవ్వలేదు. తేదీ చూసి నేను టీచరుకు కబురు పెట్టాను. ఆయన నోటుబుక్కుల ప్రకారం అది ఆమె పుట్టిన తేదీకి ముందు రోజు.

ఆమె నిలబడే చదివింది. "నేను పుట్టానని ఇవ్వలేదంటారా?"

"ఏమోనండీ. రాయలేదు."

మా పట్టికలో రెండు భాగాలుంటాయి, వృత్తికి సంబంధించినవి, సొంతవి. దీన్ని ఎందులో చేర్చమంటారని అడిగాను. లెక్కల టీచరు గనక ఠక్కున చెబుతుందనుకున్నాను. ఆమె మాత్రం, "ఇవాళ్టికి నా దగ్గర ఉంచుకోనా?" అంది. అలా బయటికి ఇవ్వడం మా నిబంధనలకు విరుద్ధం. ఇచ్చాను. వారం తర్వాత ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చి నా బల్ల మీద ఉంచి, ఏ భాగంలో చేర్చాలో చెప్పకుండానే, బడికి టైమైందంటూ వెళ్ళిపోయింది.